వీధిబడి దసరా మొదలు నేటి వార్షికోత్సవము వఱకు: బాలవిద్యలో సంవత్సరాంతము

ప్రాథమిక పాఠశాలలో సంవత్సరాంతము వచ్చినదనుటకు నేడు గుర్తులు రెండు. ఒకటి పరీక్ష, రెండవది వార్షికోత్సవము. మొదటిదానిలో బాలుడు తాను నేర్చినది ఉపాధ్యాయునకు చూపును. రెండవదానిలో ఊరివారికి చూపును. ఈ రెండు పనులును వేఱువేఱుగ జరుగుట మనకు ఎంత అలవాటైనదనగా, ఒకప్పుడు ఈ రెండును ఒకటే యని చెప్పినచో విద్యార్థులు వింతగ వినుచున్నారు. వీధిబడుల కాలమున దసరా పండుగనాళ్లలో జరిగిన తంతును ఆ దృష్టితో చూచినవారు తక్కువ. జానపద సాహిత్య సేకర్తలు దానిని వేడుకపాటగ గ్రహించిరి. విద్యాచరిత్ర వ్రాసినవారు దానిని అయ్యవారి రాబడి పద్దులో వేసిరి. అది బాలుని చదువునకు ఒక ముగింపుగ, ఒక బహిరంగ పరీక్షగ ఉండెనా, ఉన్నచో ఆ పరీక్షలో ఏమి తేలుచుండెను అనునది ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

ముందుగ ఆ బడిని గుర్తు చేసికొందము. అరుగుమీదనో, చెట్టుక్రిందనో, దేవాలయ మండపముననో ఒక అయ్యవారు, ఆయన చుట్టును ఇరువదిమందికి మించని పిల్లలు. ఇసుకలో వ్రేలితో దిద్దుటతో చదువు మొదలగును. ఓనమాలు, గుణింతములు, ఒత్తులు, ఎక్కములు. పిమ్మట శతకములు, అమరము, భాగవతమునుండి గజేంద్రమోక్షము, రుక్మిణీకల్యాణము. తరగతులు లేవు. ఒకే అరుగుపై ఒకడు 'అ' దిద్దుచుండగా వేఱొకడు పద్యము వల్లించుచుండును. కనుక అందఱును ఒకే దినమున ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు ఎక్కుట అనునది ఆ బడిలో లేదు. అయినను సంవత్సరమునకు ఒక మలుపు ఉండెను. అది విజయదశమి. నవరాత్రులలో మూలా నక్షత్రమునాడు పుస్తకములను సరస్వతిగ నిలిపి పూజింతురు. ఆ దినములలో చదువు ఆగును. దశమినాడు మరల పుస్తకము పట్టుదురు. క్రొత్తపిల్లలకు అక్షరాభ్యాసము చేయుదురు. ముగింపును ఆరంభమును ఒకే పండుగలో ఇమిడియుండుట ఈ బడి విశేషము. నేటివలె నడుమ ఏడు వారముల వేసవి విరామము లేదు.

ఈ బడులను గూర్చి మనకు లభించు వ్రాతలలో అత్యంత విలువైనది బళ్లారి కలెక్టరుగ నుండిన ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగష్టు 17న మద్రాసు రెవిన్యూ బోర్డునకు పంపిన నివేదిక. తెలుగు విభాగమువారికి ఆయన పరాయివాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించినవాడు. గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న వ్రాసిన ఉత్తరువు ననుసరించి జిల్లాల కలెక్టరులందఱును బడుల లెక్కలు పంపిరి. పెక్కుమంది పట్టికతో సరిపెట్టిరి. క్యాంబెల్ మాత్రము బడిలోనికి తొంగిచూచినవాడు. అప్పటి బళ్లారి జిల్లాలో అనంతపుర ప్రాంతమును చేరియుండెను; అనంతపురము ప్రత్యేక జిల్లా అయినది 1882లోనే. ఆయన లెక్క ప్రకారము జిల్లా జనాభా 9,27,857, బడులు 533, చదువుకొనువారు 6,641. అనగా నూటికి ఒకరైనను లేరు. బాలికలు 60 మంది. ఆ బడులలో కన్నడబడులు 235, తెలుగుబడులు 226. ఒకప్పుడు బడులుండిన పెక్కు గ్రామములలో తన కాలమునకు బడియే లేకపోయినదనియు, జనుల దారిద్ర్యమే దానికి కారణమనియు ఆయన దాపరికము లేక వ్రాసెను. కుంఫిణీ ఉద్యోగి నోట వచ్చిన ఆ మాటను పలువురు పలుమాఱులు ఉదాహరించియున్నారు. ఇచట దానిని పొడిగింపను.

మనకు కావలసినది ఆయన బడి దినచర్యను వర్ణించిన భాగము. సూర్యోదయ సమయమునకు అందఱికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి నామము వ్రాయబడును. రెండవవాని చేత సున్న చుట్టబడును. మూడవవానికి ఒక చిన్నదెబ్బ, నాల్గవవానికి రెండు, అట్లు పెరుగుచు పోవును. మన పెద్దలు శ్రీయనియు చుక్కయనియు చెప్పుకొనిన ఆచారమిదియే. పైమెట్టున నున్న పిల్లలు క్రిందిమెట్టువారికి నేర్పుటను ఆయన మిక్కిలి మెచ్చుకొనెను. అట్లు నేర్పుటవలన నేర్పువాని చదువును గట్టిపడుచున్నదనియు, ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించుట తగియే యున్నదనియు ఆయన అభిప్రాయము. మద్రాసునందు పనిచేసిన ఆండ్రూ బెల్ 1797లో లండనున ప్రకటించిన గ్రంథముతో ఆ దేశమున వ్యాపించిన బోధనపద్ధతిని ఆయన తలచుచున్నాడు.

అయితే మెచ్చుకొనినవాడే ఒక గట్టి తప్పును పట్టెను. పిల్లలు వల్లించు పద్యముల భాషకును వారు ఇంట మాటలాడు భాషకును చాల దూరమున్నది. వారు అర్థము తెలియక చిలుకలవలె వల్లించుచున్నారు. నేర్పు అయ్యవార్లకే పెక్కుచోట్ల అర్థము తెలియదు. కావున సంవత్సరములు గడచినను ఆ చదువు జ్ఞానముగ మారుట లేదు. ఇది ఆయన వాదసారము. వ్యాకరణము వ్రాసినవాడు కనుక ఈ దూరము ఆయన చెవికి స్పష్టముగ వినబడినది. ఈ విమర్శను ద్వేషబుద్ధితో చేసినదని త్రోసివేయుట సులభము, న్యాయము కాదు. నేటికిని నాల్గవ తరగతి బాలునిచేత ఒక శతకపద్యము చదివించి, అన్వయము చెప్పుమని అడిగినచో క్యాంబెల్ ఎంతవఱకు పొరపడెనో మనకే తెలియును.

ఇట్టి బడి దసరాకు వీధిలోనికి వచ్చును. పిల్లలు స్నానము చేసి, క్రొత్తబట్టలు కట్టి, రంగుకాగితములు చుట్టిన వెదురు విల్లంబులు పట్టుకొని, అయ్యవారి వెంట ఇల్లిల్లు తిరుగుదురు. గడపముందు వరుసగ నిలిచి పాట పాడుదురు. విల్లు ఎక్కుపెట్టి పూలను, బుక్కాగుండను ఇంటివారిమీద చిమ్ముదురు. కొన్ని ఊళ్లలో కోలాటము వేయుటయు కలదు. పాటలో ఇంటివారికి దీవెనలుండును; దయ చూపుమను ప్రార్థన యుండును; అయ్యవారికి వరహాలును పిల్లలకు పప్పుబెల్లములును చాలునను మాట యుండును; ఇంటివారు ఆలసించినచో, రేపు మాపు అని త్రిప్పవలదని ఎత్తిపొడుపును ఉండును. ఇంటివారు అయ్యవారికి సంభావన యిచ్చి, పిల్లల దోసిళ్లలో పప్పుబెల్లములు పోయుదురు. నెలజీతము తక్కువై, అదియు ధాన్యరూపమున అప్పుడప్పుడు వచ్చు అయ్యవారికి ఈ పండుగ రాబడి సంవత్సరమంతటికి ఆధారము.

ఈ పాటయొక్క ఛందస్సును గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. నేటికిని నోటికి వచ్చు పాఠములలో పెక్కు పాదములు మూడు ఇంద్రగణములపై ఒక సూర్యగణముతో, అనగా ద్విపద నడకతో, చక్కగ సరిపోవుచున్నవి. ప్రాసనియమము పాటింపబడదు. కనుక లక్షణరీత్యా వీనిని మంజరీద్విపద అనవలసియుండును. యతి కొన్ని పాదములలో కుదురును, కొన్నింట కుదరదు. వరహాలను పేర్కొనుచోట ఒక లఘువు అధికముగ వచ్చుచున్నది. పాడునప్పుడు అది నడకలో కరగిపోవును గాని గణవిభజన చేయునప్పుడు తేలును. దీనిని పాఠదోషమని దిద్దుటకు తొందరపడరాదు. పాడుటకు పుట్టిన పాదమును కాగితముపై కొలిచి కోయుట మనలో కొందఱికి వ్యసనము.

ఛందస్సు కంటె ముఖ్యమైనది భాష. బడిలో సంవత్సరమంతయు పిల్లవాడు వల్లించినది తనకు తెలియని భాష. దసరాకు గడపముందు పాడినది తెలిసిన భాష. అందులో ఒక్క మాటకైనను టీక అక్కఱలేదు. పైగా ఆ పాటలోని ప్రతి వాక్యమునకును ఎదుట ఒక ప్రయోజనమున్నది: దీవించినచో ఇంటివారు నవ్వుదురు, ఎత్తిపొడిచినచో లోపలికి పోయి చేటతో వత్తురు. మాటకు ఫలితము కండ్లయెదుట కనబడును. క్యాంబెల్ చూడగోరినది, చూడలేకపోయినది ఇదియే. ఆయన నివేదిక బడి అరుగువద్దనే ఆగినది. బడిలో అర్థము లేని వల్లింపు, వీధిలో అర్థము గల పాట. ఒకే అయ్యవారు రెండును నేర్పెను. కాని ఆయన గాని, ఆయనకు జీతమిచ్చు పెద్దలు గాని రెండవదానిని చదువుగ లెక్కింపలేదు. బాలునకు ద్విపద నడక చెవికెక్కినది ఆ పాటవలననే. ఆ నడకకు పేరున్నదని మాత్రము అతనికి ఎవరును చెప్పలేదు.

ఇందులో చీకటికోణము లేకపోలేదు. అయ్యవారు తన జీవనమునకై శిష్యులను వెంటబెట్టుకొని గడపగడపకు పోయి చేయి చాపుట గౌరవమా యని కొందఱు సంస్కర్తలు అడిగిరి. ప్రశ్న సరియైనదే. బడికి రాలేని పేదల పిల్లలు ఆ ఊరేగింపును అరుగుక్రింద నిలిచి చూచిరి గాని అందులో నడువలేదు. బాలికల సంఖ్య పైన చెప్పబడినదే. ఆ వేడుకను ఊరంతటి వేడుకగ వర్ణించునప్పుడు, ఊరిలో ఎవరు దానిలో లేరో చెప్పుట పరిశోధకుని విధి.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున సంవత్సరాంతపు రూపు మాఱినది. 1854 నాటి వుడ్ విద్యాలేఖ తరువాత ప్రభుత్వపు సహాయధనము వచ్చినది. 1860 దశకము మొదలు మద్రాసు రాజధానిలో ఆ ధనమును ఫలితములనుబట్టి ఇచ్చు పద్ధతి ఏర్పడినది. సంవత్సరమున కొక దినమున పరీక్షాధికారి వచ్చును. ఒక్కొక్క పిల్లవానిని చదువు, వ్రాత, లెక్కలలో పరీక్షించును. నెగ్గిన తలల లెక్కనుబట్టి బడికి డబ్బు. అనగా అయ్యవారి రాబడి మరల పిల్లల నోటిమీదనే ఆధారపడినది. మాఱినది వినువాడు మాత్రమే. గడపలోని గృహస్థునకు బదులు గుఱ్ఱపుబండిలో వచ్చిన అధికారి. గృహస్థుడు ఆ పిల్లవానిని ఎఱుగును. తప్పు పాడినను పప్పుబెల్లము పెట్టును. అధికారికి ఆ స్వేచ్ఛ లేదు. ఈ పద్ధతి వల్లింపును మఱింత బిగించినది. 1904 నాటి భారతప్రభుత్వ విద్యావిధాన తీర్మానము దానిని త్యజించినది.

అయినను ఆ పరీక్షాధికారుల రాకపోకల వలననే తెలుగుభాషాచరిత్రలో ఒక పెద్ద కదలిక పుట్టినది. ఇరువదవ శతాబ్ది తొలిదశకమున ఉత్తరాంధ్రమున బడుల పరిశీలనకు వచ్చిన జె. ఎ. యేట్స్ అను నాతడు, జనులు మాటలాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత భేదమేలయని ప్రశ్నించెను. పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తిగారు (1863-1940) ఆ ప్రశ్నను పట్టుకొని జీవితాంతము విడువలేదు. వ్యావహారికభాషోద్యమ చరిత్రను గ్రంథములనుండి మొదలుపెట్టుట మనకు వాడుక. దాని మొదటి మెట్టు పిల్లల బడి అని మఱచుచున్నాము. క్యాంబెల్ 1823లో వ్రాసినదియు, యేట్స్ ఎనుబదియేండ్లకు పైబడిన తరువాత అడిగినదియు ఒకే విషయము. నడుమ రెండు మూడు తరముల పిల్లలు అర్థము తెలియక వల్లించి పెద్దవారైరి.

వార్షికోత్సవము మూడవ రూపము. వేదిక, తెర, అధ్యక్షుడు, బహుమతిప్రదానము గల ఈ సభ ఇంగ్లీషు పాఠశాలలనుండి వచ్చి క్రమముగ పల్లెబడులకును ప్రాకినది. తెలుగుబడులకు మొదట లోటైనది పిల్లలు ఆడదగిన నాటిక, పాడదగిన పాట. పెద్దల పౌరాణిక నాటకములనుండి ఒక రంగమును కోసి పిల్లలచేత ఆడించుచుండిరి. ఆ లోటును తీర్చుటలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల కృషి ప్రథమగణ్యమైనది. వారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. రేడియోలో పిల్లల కార్యక్రమములను నడిపి రేడియో అన్నయ్య, అక్కయ్య అని పేరొందిరి. 1945లో 'బాల' పత్రికను మొదలుపెట్టిరి. పిల్లల నోటికి ఇమిడెడు వాక్యము, పిల్లల ఊపిరికి సరిపోవు పాదము ఎట్లుండవలెనో వారికి తెలియును. బడుల వార్షికోత్సవములకు కావలసిన సామగ్రి అట్టి వ్రాతలనుండి లభించినది. బాలసాహిత్యముపై మన విభాగములలో వెలువడు వ్యాసములు కథలను, గేయములను తూచుచున్నవి గాని ఆ రచన ఏ వేదికకై, ఏ వయస్సు పిల్లలకై, ఎన్ని నిమిషములకై వ్రాయబడినదో చూచుట అరుదు.

శిశుపాఠశాల విషయము వేఱు. మేరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారునకు వచ్చి 1946 వఱకు ఈ దేశమున నుండి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. బహుమతియు దండనయు రెండును శిశువు పనికి అడ్డములని ఆమె మతము. శిశువు పనిచేయుచుండగా చూచుటయే ఆమె పద్ధతిలో పరీక్ష. దానికి సంవత్సరాంతముతో పనిలేదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము మొదలై అంగన్‌వాడీలు వచ్చిన తరువాత మూడు మొదలు ఆరేండ్ల వయస్సు గల పల్లెపిల్లలకు ఆటపాటల చదువు చేరువైనది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రాథమికవిద్య ముగియువఱకు బోర్డుపరీక్ష ఉండరాదనియు, సమగ్రముగ నిరంతరముగ మూల్యాంకనము జరుగవలెననియు విధించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వఱకు ఒకే పునాదిదశగ భావించినది. చట్టము ఇట్లుండగా పట్టణములలోని కొన్ని శిశుపాఠశాలలు నాలుగేండ్ల పిల్లలకు ప్రశ్నపత్రములిచ్చి ర్యాంకులు ప్రకటించుచున్నవి. ఐదేండ్లవారికి నల్లని అంగీలు, కుచ్చుటోపీలు తొడిగి పట్టప్రదానము చేయు సభలను కూడ నేను చూచితిని. పట్టము పుచ్చుకొనిన యొక శిశువు వేదికపైననే తల్లి కొంగు వెదకినది.

అట్టి వార్షికోత్సవమునకే ఒకమాఱు అతిథిగ పోయియుంటిని. నాలుగేండ్ల బాలిక యొకతె నాలుగు పాదముల గేయము చెప్పవలసియుండి, ధ్వనివర్ధకమును చూచి నిలిచిపోయినది. తెరవెనుకనుండి ఉపాధ్యాయిని అందించుచున్నను పెదవి కదలలేదు. చప్పట్లు కొట్టి దింపివేసిరి. కొంతసేపటికి నేను మెట్లప్రక్కగా పోవుచుండగా, ఆ పాప తనకంటె చిన్నవానిని ఎదుట కూర్చుండబెట్టుకొని ఆ గేయమును ఒక్క అక్షరము తప్పక చెప్పుచు, వానిచేత చెప్పించుచున్నది. నడుమ వాడు తప్పినచోట ఆగి, ఆ మాటను తన మాటలో విడమరచి, మరల ఎత్తుకొనినది. క్యాంబెల్ మెచ్చుకొనిన పెద్దపిల్ల చిన్నపిల్లకు నేర్పుట నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఆ బడివారి నమోదులో ఆ పాపకు ఆనాడు ఏమి వ్రాసిరో ఊహింపవచ్చును.

ఇపుడు మన రాష్ట్రములు రెండింటను పాఠశాలాసంవత్సరము సాధారణముగ జూన్ నడిమి భాగమున మొదలై ఏప్రిల్ నాలుగవ వారమున ముగియుచున్నది. దసరా దానిలో నడుమ వచ్చు సెలవుగ మిగిలినది. జీతములు ప్రభుత్వము నుండి వచ్చుటతో అయ్యవారు గడపలు ఎక్కవలసిన అవసరము తీరినది, అది మేలే. కాని దానితోపాటు పిల్లవాడు తన వీధిలో, తన్నెఱిగినవారి యెదుట, తనకు తెలిసిన మాటలతో చదువు వినిపించు సందర్భమును పోయినది. ఏప్రిల్ చివరివారమున పిల్లలచేత తాము వ్రాసిన కథనో, ఇంటిలో అవ్వనడిగి తెలిసికొనిన పొడుపుకథనో ఇరుగుపొరుగువారి అరుగులమీద చదివించు ఉపాధ్యాయులు అచటచట ఉన్నారు. వారు దానిని ఏ పేరుతోను పిలుచుట లేదు. నివేదికలలో వ్రాయుటయు లేదు. ఉపాధ్యాయ శిక్షణాలయములు ముందుగ గమనింపవలసినది ఇట్టివారిని.

పరిశోధకవిద్యార్థులకు ఇచట మిగిలియున్న పని చాల ఉన్నది. దసరాపాట పాఠాంతరములను జిల్లాలవారిగ సేకరించి, గణవిభజనతో ప్రకటించిన సమగ్రసంపుటము అవసరము. పాడినవారి వయస్సు, వారు చదివిన బడి ఊరు, అయ్యవారు ఇచ్చిన పాఠమా తోడిపిల్లలవలన విన్న పాఠమా అను వివరము, విల్లంబు చేసిన విధము, ఏ వీధులు తిరిగిరో ఏ వీధులు తిరుగలేదో, బాలికలు వెంట నడచిరా లేదా అనునవి పాటతోపాటు నమోదు కావలెను. వీధిబడిలో చదివినవారు ఇప్పుడు తొంబది దాటినవారు. వారి యొద్దకు పోయినప్పుడు అందఱికిని తెలిసిన మొదటి పాదములతో కాలము గడుపక, ఇంటివారు ఆలసించినప్పుడు పాడిన ఎత్తిపొడుపు పాదములను ముందుగ అడిగి వ్రాసికొనవలెను. నేను కలిసికొనిన వృద్ధులలో ముందుగ మరపునకు వచ్చుచున్నవి అవియే.